జేజి బతుకు ఎక్కడి నుంచి రాయాలి?

పాఠకుల ఉత్తరాలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఇంటి పెద్దామెను పోగొట్టుకున్నవాళ్ల ఉత్తరాలే ఎక్కువ. నాలుగు ఎంచుకున్నాను. మొదటి ఉత్తరం రాసిన పాప అడిగింది చాలా ఉంది, అందుకే ఆమెకు జవాబు పొడుగైంది.

ప్రశ్న (కదిరి దగ్గర ఒక పల్లె నుంచి పాఠకురాలు): అమ్మా, మా జేజి (నాయనమ్మ) పోయిన శ్రావణంలో కాలం చేసింది. సంవత్సరీకం నాటికి ఆమె గురించి చిన్న పుస్తకం అచ్చు వేయించి చుట్టాలకు పంచాలని నా ఆశ. రాయడానికి కూర్చుంటే "మా జేజి చాలా మంచిది, కష్టజీవి, వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టి పంపేది" అన్నంత వరకు రాసి ఆగిపోయాను. ఆమెకు చదువు రాదు. ఉత్తరాలు, డైరీలు ఏమీ లేవు. వయసు కూడా సరిగా తెలియదు. ఆధార్‌లో 1935 జనవరి 1 అని ఉంది. మా పెదనాయన నూరేళ్లు నిండాయంటాడు. ఆమె మాత్రం "ప్రమోదూతలో, శ్రావణంలో పుట్టినా" అనేది. తొమ్మిది కాన్పులు, బతికింది ఐదుగురు. పెళ్లయి వచ్చినాక ఊరు దాటి పెద్దగా పోయింది లేదు. ఇటువంటి మనిషి గురించి పుస్తకానికి సరిపడా ఏం రాయగలను?

జవాబు: తల్లీ, ముందు వయసు తేల్చేద్దాం. అది నీ జేజే చెప్పిపోయింది.

తెలుగు సంవత్సరాలు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్లీ ప్రభవ వస్తుంది. ప్రభవ 1927 ఉగాదికి వచ్చింది, మళ్లీ 1987 ఉగాదికి వచ్చింది. అక్కడి నుంచి వేళ్లు మడుచుకుంటూ పో. విభవ 1928, శుక్ల 1929, ప్రమోదూత 1930. శ్రావణం అంటే ఆ ఏడు జూలై, ఆగస్టు నెలలు. నీ జేజి 1930 వానకాలంలో పుట్టింది, 2025 శ్రావణంలో పోయింది. తొంభై ఐదేళ్లు. పుట్టిన తేదీకి కాగితం లేని పెద్దవాళ్లలో ఎంతోమందికి ఆధార్‌లో జనవరి 1 అనే పడింది. దాన్ని పుస్తకంలోకి ఎక్కించొద్దు. ఆమె నోట వచ్చిన సంవత్సరమే రాయి, పక్కన 1930 అని వేయి. మాఘం, ఫాల్గుణంలో పుట్టినవాళ్లకైతే లెక్కకు ఒక ఏడాది కలపాలి, ఉగాదికి ముందే ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది కాబట్టి. మీ ఇంట్లో మిగతా పెద్దవాళ్లకు కూడా ఇలాగే కట్టుకో: ప్రజోత్పత్తి 1931, ఆంగీరస 1932, శ్రీముఖ 1933, భావ 1934, యువ 1935, ధాత 1936.

అయినా ఒకసారి సరిచూసుకోవడం మంచిది. దానికి మీ పెదనాయనే ఆధారం. 1952లో, నందన సంవత్సరంలో, మన జిల్లాలన్నీ కరువుతో అల్లాడుతుంటే మద్రాసు ప్రభుత్వం ఊళ్లల్లో గంజి కేంద్రాలు పెట్టింది. రాజగోపాలాచారి అప్పుడు ముఖ్యమంత్రి. ఆ గంజి మీ పెదనాయనకు గుర్తుందేమో అడుగు. తన ముంత తానే పట్టుకుపోయాడా, జేజి చేయి పట్టుకుని నడిచాడా, చంకలో ఉన్నాడా? ఆయన జవాబును బట్టి ఆయన వయసు, దాన్నిబట్టి జేజికి తొలికాన్పు ఏ ఈడులో అయిందో తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చిన గుర్తులు ఇంకా ఉన్నాయి. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఏ బిడ్డ ఎప్పుడు పుట్టిందో తెలియనప్పుడు "నయాపైసలకు ముందా, తర్వాతా" అని అడిగితే పెద్దవాళ్లు టక్కున చెప్తారు.

ఒక జాగ్రత్త. మన పక్క ముసలివాళ్లు ధాత కరువు గురించి తాము చూసినట్టే చెప్తారు. ధాత, ఈశ్వర సంవత్సరాల్లో వచ్చిన ఆ కరువు 1876-78 నాటిది. నీ జేజి దాన్ని చెప్పి ఉంటే అది తన అవ్వ దగ్గరో, అవ్వకు అవ్వ దగ్గరో విన్నది. గంజి కేంద్రాల కరువుతో దాన్ని కలిపేయొద్దు. ఎవరి నోట విన్నానని చెప్పిందో అది కూడా రాయి. అక్కడ నీకు ఇంకో రెండు తరాల ఆడవాళ్లు దొరుకుతారు.

ఊరు దాటలేదన్నావు. నిజమే. కానీ ఆమె ఉన్న చోటే ఉండగా ఆమె చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడు. పుట్టినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు రాజధాని. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్, హైదరాబాదు రాజధాని. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న మీ కదిరి అనంతపురం జిల్లా నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. మన ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు కూడా ఆమె కన్నా రెండేళ్లే పెద్దది. 1928 నవంబరులో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు పెట్టేదాకా మనల్ని దత్తమండలాలు అనేవాళ్లు. ఈ తేదీలన్నీ వరసగా పేర్చితే పాఠ్యపుస్తకం అవుతుంది, అది మనకు వద్దు. ఒక్కో తేదీ నాడు ఆమె ఇంట్లో ఏం జరుగుతున్నదో తెలిస్తేనే ఆ తేదీని వాడు. కర్నూలు రాజధాని అయిన నెలలో ఆమె బాలింత అయితే, అది రాయి.

ఇక నువ్వు రాసిన వాక్యం. మంచిది, కష్టజీవి, అన్నం పెట్టేది. నిజమే, కానీ ఆ మాటలు మీ ఎదురింటి జేజికీ సరిపోతాయి, మా జేజికీ సరిపోతాయి. చివరిదాన్ని పట్టుకుని లోపలికి పో. ఏ అన్నం? 1950ల్లో మెట్టపొలాల ఇళ్లల్లో వరన్నం పండగకు, అల్లుడు వస్తే, జ్వరం వస్తే. మామూలు రోజున సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె. రెండు రూపాయల బియ్యం వచ్చేసరికి నీ జేజికి యాభై మూడేళ్లు. ఆమె వంటింటి బతుకులో ఎక్కువ భాగం పొయ్యి మీద ఉడికింది సంగటే. దానికి రాగులు ఎవరు విసిరారు? ఇసుర్రాయి ఏ మూల ఉండేది? తొలికోడికే లేచేదా? ఎదురుగా కూర్చుని రెండో చేయి వేసింది అత్తా, తోడికోడలా? ఊరిబిండి (రోటి పచ్చడి) దేంతో నూరేది? ముద్ద మొదట ఎవరికి పెట్టేది, ఆఖరున ఎవరికి? తాను కూర్చునేసరికి కుండలో ఏం మిగిలేది? ఈ ఆఖరి ప్రశ్న మీ నాయనను అడిగితే తెలియదంటాడు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మీ పెద్దమ్మను అడుగు. కుండ కడిగినామెకు అది తెలుస్తుంది.

మా జేజి సంగతి కొంచెం చెప్తాను. పని గురించి రాస్తే మనిషి ఎలా కనిపిస్తుందో నీకు తెలుస్తుంది. మాది ఉరవకొండ దిక్కు, నల్లరేగడి నేల. జొన్నలు పాతరలో పోసేవాళ్లు. నేలలో నిలువెత్తు గుంత తీసి, లోపల చుట్టూ చొప్ప పరిచి, గింజలు పోసి, మీద మళ్లీ చొప్ప వేసి మట్టితో మూసేవాళ్లు. పాతర తీసే రోజు, అది ఎవరింటిదైనా, మా జేజిని పిలిచేవాళ్లు. అన్నాళ్లు మూసి ఉన్న గుంతలో గాలి చెడిపోయి ఉంటుంది. మూత తీసిన వెంటనే దిగినవాడు పైకి రాకపోవచ్చు. ఆమె మూత తీయించి, పక్కన బండ మీద కూర్చుని, వక్కాకు వేసుకుని, చాలాసేపు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. తర్వాత లాంతరు తాడుకు కట్టి తానే లోపలికి వదిలేది. దీపం కొండెక్కితే తాడు పైకి లాక్కుని మళ్లీ కూర్చునేది. బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు ఎంత తొందరపెట్టినా, తన మొగుడు అరిచినా, పలికేది కాదు. లాంతరు అడుగు దాకా పోయి వెలుగుతూ నిలిచినప్పుడే మనిషి దిగాలి. గింజ పైకి వచ్చాక ఆమె రెండో పని. గోడ పక్కన ఉన్న జొన్నలు వేరే తట్ట, నడుమ జొన్నలు వేరే తట్ట. గుప్పెడు తీసి వాసన చూసి, ఇవి రొట్టెకు, ఇవి గొడ్లకు అని విడదీసేది. విత్తనం జొన్నలు మాత్రం పాతరలో వేయనిచ్చేది కాదు. వేపాకు కలిపి కుండల్లో పోసి, మూతికి పేడ మెత్తి లోపలింట్లో పెట్టేది. పాతర గింజ మొలకకు రాదని ఆమెకు తెలుసు.

మా జేజి జాగ్రత్త గల మనిషి అని రాసి ఊరుకుంటే చదివినవాళ్లకు ఏం అందుతుంది? లాంతరు గురించి రాస్తే, ఊళ్లో మగవాళ్లు సైతం ఆమె మాటకు ఎందుకు ఆగేవాళ్లో తెలుస్తుంది. ఆమె మొండితనం కూడా అందులోనే ఉంది.

మీది ఎర్రనేల, చెనిక్కాయ (వేరుశనగ) నేల. మీ జేజికి కూడా ఊరు ఒప్పుకున్న పని ఒకటి తప్పకుండా ఉంటుంది. విత్తనానికి కాయలు ఒలిచే రాత్రుల్లో పప్పు ఎంచేది ఆమేనా? గొర్రు వెనక జడ్డిగంలో (విత్తనం వదిలే గిన్నెలో) గింజ వదలడం ఆమె చేతి పనా? మిద్దె కారకుండా వానలకు ముందు చౌడు ఎక్కడి నుంచి మోసుకొచ్చి పరిచేవాళ్లు, అది ఎంత మందం పడాలో ఎవరు చెప్పేవాళ్లు? కాన్పులకు ఆమెను పిలిచేవాళ్లా? చెనిక్కాయ రాకముందు ఆ చేలల్లో కొర్రలు, సజ్జలు, అలసందలు కలిపి వేసేవాళ్లు కదా, ఆ పంటలు పోయినప్పుడు ఆమె ఏమన్నది? ఆమెతో కూలికి వచ్చిన ఆడవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల ఇంటికి నువ్వే పో. మీ ఇంటి మనుషులకు తెలియని జేజి వాళ్లకు తెలుసు. పెళ్లిళ్లు చేసి పంపిన మీ మేనత్తలను కూడా వదలొద్దు. ఇట్లాంటి పుస్తకాలు కొడుకుల ఇళ్లల్లో తయారవుతాయి కాబట్టి కూతుళ్ల దగ్గర ఉన్నవి రాకుండా పోతాయి. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిది కాన్పులు, బతికింది ఐదుగురు అని ఒక్క వరసలో రాసేశావు. ఆ నలుగురి దగ్గర ఆగు. వాళ్లకు పేర్లు పెట్టారా? ఎన్ని నెలలు, ఎన్నేళ్లు ఉన్నారు? పురిట్లోనే పోయారా, అమ్మవారు పోసిందా, వాంతులు భేదులా? ఏ బిడ్డకు ముందు, ఏ బిడ్డకు తర్వాత? ఎక్కడ పూడ్చారు? ఆ చేను ఇప్పుడు ఎవరిది? బిడ్డ పోయిన ఎన్నో నాటికి ఆమె మళ్లీ కలుపుకు పోయింది? మీ ఇంట్లో పెంటయ్య, కుప్పమ్మ వంటి పేర్లు ఉన్నాయా? బిడ్డలు దక్కని ఇళ్లల్లో, ఈ బిడ్డయినా నిలవాలని అలాంటి పేర్లు పెట్టేవాళ్లు. మీ నాయన పేరు, చిన్నాయన పేరు ఆ కంటితో ఒకసారి చూడు. వంశవృక్షం గీసేటప్పుడు ఆ నలుగురికీ చోటు పెట్టు. పేరు తెలియకపోతే "ఆడబిడ్డ, నందన సంవత్సరం" అని రాయి. ఆమె చనిపోయేదాకా తొమ్మిది మందికి తల్లి. పుస్తకంలో ఐదుగురే కనిపిస్తే ఆమె బతుకులో సగం పోయినట్టే. నీ పుస్తకంలో ఒక్క పేజీ చూపించమంటే నేను ఆ పేజీ అడుగుతాను.

కాగితాలు ఏమీ లేవన్నావు. ఆమెకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో ఇచ్చారా? ఆమె పేరు మీద కొన్నది, అమ్మింది ఏదైనా ఉందా? రిజిస్టరు అయి ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడగవచ్చు. పాత దస్తావేజులో ఆమె తండ్రి పేరో భర్త పేరో, ఊరు, అప్పటి వయసు రాసి ఉండొచ్చు. అసలు దస్తావేజు ఎవరి దగ్గరైనా ఉంటే, దాని మీద ఆమె వేలిముద్ర ఉండొచ్చు. వేలిముద్ర ఉన్న పేజీ దొరికితే దాన్ని పుస్తకంలో వేయించు. బిడ్డలు చదివిన బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత ఓటర్ల జాబితా, రేషన్ కార్డు కూడా చూడు.

మొదలుపెట్టేటప్పుడు పుట్టుకతో మొదలుపెట్టొద్దు. ఆమెకు నలభై ఏళ్లున్నప్పటి ఒక మామూలు రోజు తీసుకుని, కోడి కూత నుంచి దీపం ఆర్పేదాకా రాయి. విత్తనం రోజు అయితే ఇంకా మంచిది. తెలియనివి పెద్దమ్మను అడుగుతూ నింపు. అది ఆరేడు పేజీలు వస్తుంది, అప్పుడు మిగతావి ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది. అచ్చుకు ఇచ్చేముందు ఒక మేనత్తకు చదివి వినిపించు.

ప్రశ్న (కర్నూలు వన్‌టౌన్ నుంచి పాఠకుడు): 2009 వరదలో మా ఇల్లు మునిగింది. సామాన్లన్నీ పోయాయి. మా అవ్వ ఫొటో ఒక్కటే మిగిలింది, అదీ తడిసి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. ఒక పక్క చెంప మీద రంగు పోయింది. స్టూడియోవాళ్లు అద్దం నుంచి లాగి తీస్తామంటున్నారు. తీయించనా? అవ్వ చెప్పిన మాటల్లో నాకు గట్టిగా గుర్తున్నది ఒకటే, కర్నూలు రాజధాని అయినప్పుడు గుడారాలు చూశానని.

జవాబు: లాగనివ్వొద్దు. అద్దానికి పట్టింది బొమ్మ ఉన్న పొరే. కాగితం చేతికి వస్తుంది, అవ్వ ముఖం అద్దం మీద ఉండిపోతుంది. ఉన్నది ఉన్నట్టే, అద్దంతోనే ఫొటో తీయండి. అద్దం పై భాగాన్ని మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఎండ పడని వెలుతురులో, వాకిలి దగ్గరో వరండాలోనో నిలబెట్టండి. ఫ్లాష్ వద్దు. అద్దంలో మీ నీడ కనిపిస్తే, నల్లగుడ్డకు చిన్న రంధ్రం చేసి దాని వెనక నుంచి ఫోన్‌తో తీయండి. చెంప మీద పోయిన రంగును ఆ ఫైలులో సరిచేయించవచ్చు. అసలు ఫ్రేమును మాత్రం తడి లేని చోట అలాగే ఉంచండి.

ఆ 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచిన రోజున మీ ఇంట్లో ఉన్నవే పోయాయి. అవ్వ వేరేవాళ్ల ఇళ్లల్లో ఉంటుంది. చుట్టాల పెళ్లి ఆల్బముల్లో వడ్డన పంక్తిలోనో, పెళ్లికూతురి వెనకో ఒక మూల నిలబడి ఉంటుంది. పై ఊళ్లల్లో ఉన్న బంధువులను అడగండి. వరద రాని ఇళ్లను ముందు అడగండి.

గుడారాల మాట ఒక్కటే అని చిన్నబుచ్చుకోకండి. 1953 అక్టోబర్ 1న నెహ్రూ వచ్చి కర్నూలులో ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. చరిత్ర పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. మీ అవ్వ ఎక్కడ నిలబడి చూసింది, నీళ్లకు పోతూ చూసిందా, మొగుడితో తమాషా చూడటానికి పోయిందా, అప్పుడు ఇళ్ల బాడుగలు పెరిగాయని అన్నదా? ఆమె ఈడు ఆడవాళ్లు ఆ వీధుల్లో ఎవరైనా ఉంటే ఈ నెలలోనే కలవండి. మీ అవ్వ పేరు చెప్పి కూర్చోండి, అవ్వ గురించి కూడా వాళ్లే చెప్తారు.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి పాఠకురాలు): మా అమ్మ ఎనభై తొమ్మిదో ఏట పోయింది. ఆఖరి పదేళ్లు ముగ్గురు అన్నదమ్ముల ఇళ్లల్లో నెలకొకరి వంతున ఉండింది. ఒకటో తేదీ వస్తే ట్రంకుపెట్టెతో ఇల్లు మారేది. సంవత్సరీకం రోజు ఆమె గురించి రాసి చదవమని నాకు అప్పగించారు. వంతుల మాట ఎత్తొద్దని పెద్దన్న గట్టిగా చెప్పాడు. ఎత్తకుంటే ఆ పదేళ్లూ అబద్ధం అవుతాయి. ఎత్తితే అన్నదమ్ములతో మాటలు పోతాయి. నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్.

జవాబు: రాయండి అమ్మా. నా మనసులో ఉన్నది దాచకుండా చెప్తున్నాను. వంతులు మీ ఒక్క ఇంట్లోనే లేవు. ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్లలో ఎంతమంది ఇళ్లల్లో అదే నడుస్తున్నదో మీకు తెలుసు. మీరు దాటేస్తే వాళ్లందరికీ ఆ సంగతి కనిపిస్తూనే ఉంటుంది, మీ అమ్మ మాత్రం కనిపించదు.

కానీ తీర్పు రాయకండి, పెట్టె గురించి రాయండి. అందులో ఏముండేవి? ఎన్ని చీరలు, ఏ మందులు, ఎవరి ఫొటో, పైసలు కట్టుకున్న మూట ఎక్కడ? ఒకటో తేదీన దాన్ని ఎవరు మోసేవాళ్లు, మనవడా, ఆటోవాడా? ఏ ఇంట్లో ఆమె మంచం ఎక్కడ ఉండేది? ఏ ఇంట్లో పొయ్యి దగ్గరికి పోనిచ్చేవాళ్లు, ఏ ఇంట్లో పోనిచ్చేవాళ్లు కాదు? పెద్దన్న ఇంటి నెలలో ఆమెకు దొరికిన సుఖం కూడా ఒకటి ఉండే ఉంటుంది, అది తప్పకుండా రాయండి. ఆమెకు స్నానం చేయించి, తల దువ్వి, రాత్రిళ్లు లేచిన కోడళ్ల పేర్లు చదవండి. వంతుల పద్ధతి కొడుకులు తెచ్చినా, ఆ నెల మోసేది కోడళ్లే. మీ వదినల ముందు ఆ మాట బయటికి రావడం న్యాయం.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. నాలుగో వంతు మీ ఇంట్లో ఎందుకు లేదు? కూతురింట తినకూడదని ఆమె అన్నదా, మీ ఇంట్లో కుదరలేదా? అది కూడా అందులో ఉండాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకునూ కూతురినీ ఒకే వరసలో పెట్టింది, మన ఇళ్లల్లో ఆచారం ఇంకా పెట్టలేదు. మీ వంతు గురించి మీరు ముందు చదివితే మీ పెద్దన్న మిగతాది కూర్చుని వింటాడు.

చదవబోయే కాగితం ఒక వారం ముందే ముగ్గురికీ ఇవ్వండి. సభలో మొదటిసారి వినపడితే అది వాళ్లకు అవమానం. తప్పులు ఉంటే చెప్పమనండి, సరిచేయండి. తీసేయమంటే మాత్రం, వంతుల గురించి అమ్మ స్వయంగా అన్న మాట ఒక్కటైనా ఉంచండి. ఆమె ఏదో అనే ఉంటుంది. ఆ మాట ఆమెది, తీసేసే హక్కు వాళ్లకూ లేదు, మీకూ లేదు.

ప్రశ్న (ధర్మవరం నుంచి పాఠకుడు): మా అమ్మకు ఎనభై ఎనిమిది. మాట, జ్ఞాపకం బాగున్నాయి. ఫోన్ పెట్టి నీ జీవితం గురించి చెప్పమ్మా అంటే "ఏముంది నాయనా చెప్పేకి" అంటుంది. మాది చేనేత ఇల్లు, మగ్గాలు తీసేసి చాలా ఏళ్లయింది. నేను బట్టల అంగడి పెట్టుకున్నా. ఆమెతో ఎలా మాట్లాడించాలి?

జవాబు: మిగతా ముగ్గురికీ లేనిది మీకు ఉంది నాయనా, ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. జీవితం గురించి అడిగితే ఎవరు చెప్పగలరు? పని గురించి అడగండి. పక్కింట్లో మగ్గం ఆడుతుంటే ఆమెను అక్కడికి తీసుకుపోయి కూర్చోబెట్టండి. లేదా రాట్నం, కొంచెం పట్టు అడిగి తెచ్చి ఆమె ముందు పెట్టి, కండెలు (మగ్గం మీద వాడే నూలు చుట్టలు) ఎలా చుట్టేదో చూపించమనండి. చేయి కదిలితే మాట దానంతట అదే వస్తుంది. ఆసు పోయడం (నేతకు పోగులు సిద్ధం చేయడం) ఎవరు నేర్పారు, అమ్మా, అత్తా? ఎన్నో ఏట? అచ్చు అతికేటప్పుడు (పాత పోగుల చివరలకు కొత్త పోగులు కలిపేటప్పుడు) వేళ్లకు బూడిద ఎందుకు అద్దుకునేవాళ్లు, ఒక్కో పోగు కలుపుతూ రోజంతా కూర్చుంటే నడుము ఏమయ్యేది? మగ్గం గుంతలోకి వాననీళ్లు వచ్చినప్పుడు ఏం చేశారు? చీర షావుకారు దగ్గరికి ఎవరు తీసుకుపోయేవాళ్లు? కూలి ఎవరి చేతికి వచ్చేది? కండెలు చుట్టినదానికి, అచ్చు అతికినదానికి ఆమెకు వేరుగా ఏమైనా ఇచ్చేవాళ్లా, మగ్గం కూలిలోనే కలిసిపోయేదా? ఈ ప్రశ్న రెండు మూడు సార్లు, వేరువేరు రోజుల్లో అడగండి. మొదటిసారి "ఇంటి పనే కదా" అనేస్తుంది.

తన పెళ్లికి ఏ చీర కట్టుకున్నదో అడగండి. నేసే ఇంటి ఆడవాళ్లు పట్టుచీర ఎప్పుడు కట్టారో వాళ్ల నోటే వినాలి. మగ్గాలు తీసేసిన రోజు ఆమె ఎక్కడ ఉన్నదో కూడా అడగండి, ఆ రోజు మీరు ఇంట్లో ఉన్నా సరే. మీకు గుర్తున్నది చెప్పి ఆమెకు అందించకండి, ఆమెను చెప్పనివ్వండి. మధ్యలో ఆగితే ఆగనివ్వండి. పాట వస్తే పాడనివ్వండి, పాట అర్థం తర్వాత అడుక్కోవచ్చు.

పొద్దున టిఫిన్ అయ్యాక, అరగంటకు మించకుండా కూర్చోండి. ఫ్యాను, టీవీ ఆపేయండి. ఫోన్ ఆమె చేతికి కాకుండా పక్కన దిండు మీద పెట్టండి. మనవరాలు ఉంటే ప్రశ్నలు ఆ పాపతో అడిగించండి, కొడుకుకు చెప్పనివి మనవరాలికి చెప్తారు. రికార్డింగు అయిన ప్రతిసారీ ఫైలుకు తేదీ, మాట్లాడిన విషయం పేరు పెట్టి, అదే రోజు ఒక కాపీ మీ అక్కచెల్లెళ్లలో ఒకరి ఫోన్‌కు పంపండి. మీ ఫోన్ పోయినా అది ఉంటుంది.